కంబళి పైనుంచి తీసిన ఫోటో

ఆ రోజు నన్నెవరూ బెదిరించలేదు.

చాలా ఏళ్లపాటు ఈ మాట నేను చెప్పలేదు. నేను చెప్పకపోయేసరికి జనం తమకు తోచిన కథ అల్లుకున్నారు. లీడరు మనుషులు నా మెడ మీద కత్తి పెట్టారని, స్టూడియో తగలబెడతామన్నారని, అందుకే పంచాయతీలో నోరు మెదపలేదని. ప్రొద్దుటూరు టీ బంకుల దగ్గర ఈ కథను నా ఎదుటే చెప్పినవాళ్లున్నారు. "పాపం, ఆయప్ప మాత్రం ఏం చేస్తాడు, ఆ దినాలట్లాంటివి" అని నా భుజం తట్టినవాళ్లున్నారు. నేను తట్టించుకున్నాను. వాళ్లు ఇప్పించిన టీ కూడా తాగాను.

కత్తి లేదు. బాంబు లేదు. నా వంక కన్నెర్రజేసి చూసినవాడు కూడా లేడు. మా జిల్లాలో ఎవడు ఏ తప్పు చేసినా వెనక నిలబడి దాక్కోవడానికి ఫ్యాక్షన్ అనే పెద్ద గోడ ఒకటుంది. నిజంగా ఆ గోడ తమ మీద పడి నలిగినవాళ్లు వేరు. వాళ్ల ఇళ్లు నాకు తెలుసు, ఆ ఇళ్లలో పటాలకు నేనే ఫ్రేములు కట్టాను. నేను ఆ గోడ నీడన చల్లగా కూర్చున్న మనిషిని.

ఇప్పుడెందుకు తవ్వుతావని అడిగేవాళ్లున్నారు. అడగనీ.

అప్పట్లో నేను ప్రొద్దుటూరులో ఒక ఫోటో స్టూడియోలో పని చేసేవాణ్ణి. పెళ్లిళ్లు, పుట్టువెంట్రుకలు, పరీక్ష ఫారాలకు చిన్న ఫోటోలు, చనిపోయినవాళ్ల పాత ఫోటోను పెద్దది చేసి మొహానికి కాస్త కళ తేవడం. చేతిలో బొమ్మ గీసే పని కూడా ఉండేది కాబట్టి ఎన్నికలొస్తే ఊళ్లమ్మడి పోయి గోడల మీద పార్టీ గుర్తులు వేసేవాణ్ణి. ఏ గోడ ఎవరిదో కనుక్కోకుండా బ్రష్షు ముంచకూడదని మొదటి వారంలోనే నేర్చుకున్నాను. జమ్మలమడుగు బస్సు ఎక్కబోయేవాళ్లు ముందు కిటికీల్లోంచి లోపల ఎవరెవరు కూర్చున్నారో చూసుకుని, తర్వాత ఎక్కే కాలం అది. కొందరు చూసి, ఎక్కకుండా వెనక్కి తిరిగి పోయేవాళ్లు. కండక్టరు ఏమీ అడిగేవాడు కాదు.

చాపాడు వైపు ఒక ఊళ్లో పెద్ద భూములున్న రైతు ఒకాయన మండలం పదవికి నిలబడ్డాడు. ఇక్కడ ఆయన్ను లీడరు అనే అంటాను. ఆయన పనులన్నీ చూసేది ఆయన బామ్మర్ది. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, నోట్లో వక్కపొడి, ఎప్పుడూ నవ్వు మొహం. ఒక రోజు స్టూడియోకు వచ్చి కూర్చున్నాడు.

"ఉగాదికి క్యాలెండర్లు అచ్చేయిస్తాండామప్పా. అంగళ్లోళ్లంతా లచ్చిమినో, యెంకటేశ్వరసామినో వేస్తారు. మాకు అట్ల వొద్దు. మా ఊళ్లో గొర్లోళ్ల ఇండ్లు శానా ఉండాయి. వాళ్ల దేవున్ని వెయ్యాల. వాళ్ల దేవుడు ఇంతవరకు ఏ క్యాలెండరు మీదా పడలేదు. చూసి మురిసిపోతారు."

ఆయనకు అందులో తప్పు కనిపించలేదు. నాకూ కనిపించలేదు. ప్రొద్దుటూరులో బంగారం అంగడి నుంచి ఎరువుల అంగడి దాకా అందరి గోడల మీదా ఒక దేవుడు, దేవుడి కింద అంగడి పేరు. దేవుణ్ణి అచ్చేసి పంచితే మర్యాద చేసినట్టే అనుకునే ఊరు మాది.

ఆ ఊళ్లో గొర్రెలు కాసే కుటుంబాల దేవుడు పెట్టెలో ఉంటాడు. చిన్న కొయ్యపెట్టె. నల్ల కంబళి చుట్టి, పసుపు తాళ్లతో కట్టి, పూజారి ఇంట్లో ఉట్టి మీద పెడతారు. కొన్నేళ్లకొకసారి దేవర, అంటే ఆ దేవుడి జాతర, చేసినప్పుడు ఆ పెట్టెను ఊరి పక్కన పారే వంక దగ్గరికి మోసుకుపోతారు. నలుగురు మనుషులు కంబళ్లు పట్టుకుని చుట్టూ తెర కడతారు. పట్టుకునేవాళ్లు మొహాలు బయటికి తిప్పి నిలబడతారు. పూజారి ఒక్కడే లోపలికి పోయి, పెట్టె తెరిచి, లోపలున్నదాన్ని కడిగి, కొత్త గుడ్డ చుట్టి, మళ్లీ మూసి బయటికి వస్తాడు. పూజారి కన్ను తప్ప ఇంకో కన్ను దాని మీద పడకూడదు. ఆ పెట్టె మోసే హక్కు పూజారి వంశానిది. తాత మోశాడు, తండ్రి మోశాడు, ఇప్పుడు ఈయన. నీ ఇల్లు యాడ అని ఎవరైనా అడిగితే ఆయన ఇంటి గుర్తు చెప్పేవాడు కాదు, "పెట్టె ఇల్లు" అనేవాడు. ఊరంతా అలాగే పిలిచేది.

మొదటిసారి పోయినప్పుడు నేను కాగితాలు, పెన్సిళ్లు మాత్రమే తీసుకుపోయాను. పూజారి దొడ్లో ఈనిన గొర్రె దగ్గర కూర్చుని ఉన్నాడు. నేను వచ్చిన పని చెప్పాను. క్యాలెండరు సంగతి చెప్పలేదు, బొమ్మ గీసుకుంటానని మాత్రం అన్నాను.

"గీసుకో అప్పా. దానికేముంది," అని పెట్టెను ఉట్టి మీద నుంచి దించి, అరుగు మీద కంబళి పరిచి పెట్టాడు. నేను గీస్తున్నంతసేపూ పక్కనే కూర్చుని చూశాడు. ఆయన కూతురు పెళ్లీడు పిల్ల. సంగటి ముద్ద, ఊరిబిండి పచ్చడి తెచ్చి పెట్టి, నా భుజం మీదుగా బొమ్మ చూసి, "తాడు ముడి తప్పు గీసినావు, అది ఎడమ పక్కకు వస్తాది" అని లోపలికి పోయింది. దిద్దాను.

పోయేటప్పుడు పూజారి అన్నాడు. "మూసిన పెట్టె ఎన్నిసార్లన్నా గీసుకో. వచ్చే దేవరకు గూడా రా, బువ్వ తిందువు. తెరిసినప్పుడు మాత్రం నీ ఫోటో మిషిను ఎత్తొద్దు. మాటియ్యి."

"అట్లనే మామా," అన్నాను. చేతిలో చెయ్యేసి చెప్పాను.

బామ్మర్ది ఆ బొమ్మ చూసి పగలబడి నవ్వాడు. "ఏందప్పా ఇది? కొత్త పెండ్లికూతురి సారె పెట్టె మాదిరి ఉంది. దీనికి ఎవుడు ఓటేస్తాడు? దేవుడు కనపడాల అప్పా, దేవుడు!"

నాకు రోషం వచ్చింది. ఆ రోషం ఎవరి మీదో తెలుసా? నా బొమ్మను ఎగతాళి చేసిన బామ్మర్ది మీద కాదు. తెరవని పెట్టె మీద.

దేవర రోజు వంక గట్టున జనం. లీడరు పంపిన ట్రాక్టరు ట్రాలీలో సౌండు బాక్సులు పెట్టారు. బామ్మర్ది నన్ను ట్రాలీ అంచు మీదికి ఎక్కించాడు. స్టూడియో యజమాని దగ్గర ఒక పొడుగు లెన్సు ఉండేది, పెళ్లిళ్లలో దూరం నుంచి తాళి కట్టేది తీయడానికి. అది కెమెరాకు తగిలించుకున్నాను. కింద కంబళ్ల తెర లేచింది. పట్టుకున్న నలుగురూ మొహాలు బయటికి తిప్పారు. జనం తలలు వంచారు. డప్పులు ఆగాయి. పైనుంచి చూస్తే ఆ తెరకు కప్పు లేదు.

"ఎవురూ చూడ్డంల్యా. తియ్యప్పా," అన్నాడు బామ్మర్ది.

తీశాను.

పెట్టెలో ఏముందో ఇక్కడ రాయను. ఒకసారి చూపించింది చాలు.

క్యాలెండర్లు శివకాశిలో అచ్చయి వచ్చాయి. పైన లీడరు చేతులు జోడించి నవ్వుతుంటాడు, మధ్యలో తెరిచిన పెట్టె, పక్కన వంగిన పూజారి, కింద పార్టీ గుర్తు. రంగులు అద్దినట్టు పడ్డాయి. పసుపు మీద ఎండ పడిన చోట నేనే కాసేపు కళ్లు తిప్పుకోలేకపోయాను. అప్పటిదాకా నా ఫోటో ఒక్కటి కూడా రంగుల్లో అచ్చు కాలేదు. స్టూడియో గోడకు ఒకటి తగిలించాను. వచ్చినవాళ్లంతా దాని ముందు నిలబడేవాళ్లు.

ఊళ్లో మురిసిపోతారనుకున్నవాళ్లు మురవలేదు. కొన్ని ఇళ్లల్లో ఆడవాళ్లు ఏడ్చారు. కొందరు ఆ కాగితాన్ని చించడానికి భయపడి, ఉంచుకోవడానికీ భయపడి, పసుపు బట్టలో చుట్టి వంకలో విడిచారు. ఇక లీడరుకు ఎదురు నిలబడ్డ పక్షంవాళ్లు, "గొర్లోళ్లు తమ దేవున్నే ఆ పార్టీకి రాసిచ్చినారు" అని చాటారు. గొర్రెలను తమ బీళ్లలోకి రానిచ్చేది లేదన్నారు. ఏ పక్కా కాకుండా ఇన్నేళ్లు బతుకుతూ వచ్చిన ఇళ్లవి. ఒక క్యాలెండరుతో ఒక పక్షానికి చెందినవాళ్లైపోయారు. ఓట్లు పోతాయని బామ్మర్దికి అర్థమై ఒక మాట వదిలాడు: "మేం దొంగతనంగా తీయలేదు. పూజారే తీసుకోమన్నాడు."

గొర్లోళ్ల కులపెద్దలు పంచాయతీ పెట్టారు. వేపచెట్ల కింద చాపలు. పూజారి మధ్యలో, తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని. నన్ను ప్రొద్దుటూరు నుంచి పిలిపించారు. మర్యాదగానే పిలిచారు, మంచినీళ్లిచ్చారు.

"నేను మూసిన పెట్టె గీసుకోమంటి. అంతే," అన్నాడు పూజారి. "తెరిసినప్పుడు మిషిను ఎత్తొద్దని మాట తీసుకుంటి. ఆయప్పనే అడగండి."

కులపెద్ద నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పప్పా. మా పూజారి నిన్ను తీయమన్యాడా, లేదా? నువ్వు ఏది చెప్తే అది నమ్ముతాం. మాకు ఇంకో సాక్షి లేడు."

ఇంతకంటే సూటిగా ఎవరూ ఎవరినీ అడగరు. లేదు అనే రెండక్షరాలు చాలు. బామ్మర్ది ఆ చుట్టుపక్కల లేడు. లీడరు మనుషులు లేరు. అంతా గొర్రెల కాపరులు, చేతుల్లో కర్రలు తప్ప ఏమీ లేనివాళ్లు.

నేను నోరు తెరవబోతుంటే వెనక చాప మీద కూర్చున్న ఒకాయన పక్కాయనతో మెల్లగా అన్నాడు. "ఏమన్నా అను, ఫోటో మాత్రం శానా బాగ పడింది."

ఆ మాట నా చెవిన పడింది. లోపల ఏదో పొంగింది. సిగ్గుతో రాస్తున్నాను, కానీ రాస్తున్నాను: ఆ క్షణంలో నాకు పూజారి కనపడలేదు, ఆ ఫోటో కనపడింది. లేదు అంటే అది దొంగ ఫోటో అవుతుంది. నన్ను దొంగ అంటారు. మంచి ఫోటోగ్రాఫరు అనరు. నేల చూశాను. చాప పుల్ల ఒకటి పీకుతూ కూర్చున్నాను. కులపెద్ద ఇంకోసారి అడిగాడు. ఇంకో పుల్ల పీకాను.

నా మౌనానికి వాళ్లు తీసుకున్న అర్థం ఎవరైనా తీసుకునేదే. పెట్టెను అప్పటికప్పుడే పూజారి ఉట్టి మీద నుంచి దించి ఇంకో ఇంటికి మార్చారు. మోసే హక్కు పోయింది. కొన్నాళ్లకు ఆయన మంద అమ్ముకుని, కూతురిని పులివెందులలో ఇచ్చి, తానూ అక్కడికే పోయాడు. ఊళ్లో ఆ ఇంటిని పెట్టె ఇల్లు అనడం మానేశారు.

ఏళ్లు గడిచాయి. నా దగ్గర డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు సర్టిఫికెట్ ఒకటి ఉండేది, దాన్ని పట్టుకుని కలమల్ల దగ్గరి కరెంటు ప్లాంటులో డ్రాయింగుల పనిలో చేరాను. గోడ రాతలు మానేశాను. కెమెరా మానలేదు. ప్లాంటులో ఒక కొత్త యంత్రం పనికని, దాన్ని తయారుచేసిన జపాను కంపెనీకి కొందరిని కొద్దివారాలు పంపారు. వాళ్లలో నేనొకణ్ణి. ఊళ్లో దీనికీ ఒక కథ పుట్టింది, ఫ్యాక్షన్‌కు భయపడి జపాన్ పారిపోయాడని. నేను పోయింది బోల్టుల కొలతలు గీసుకోవడానికి. తిరుగు టికెట్టు పోయేటప్పుడే జేబులో ఉంది.

ఒక ఆదివారం సెలవిస్తే, బస దగ్గరి కొండ మీద ఉన్న గుడి ఫోటోలు తీసి బొమ్మలు గీసుకుందామని బయల్దేరాను. నాతో జమ్మలమడుగు మిత్రుడు వచ్చాడు, ప్లాంటులో ఫిట్టరు, వరసకు నన్ను మామా అంటాడు. చలికి ఊలు టోపీ కళ్ల దాకా లాక్కున్నాడు. కంపెనీ తరఫున ఇంగ్లీషు తెలిసిన ఒక యువతి దారి చూపించడానికి వచ్చింది.

పెద్ద గుడి కాదు. నాచు పట్టిన రాతిమెట్లు, నిటారుగా పెరిగిన పెద్ద చెట్లు, రంగు వేయని కొయ్య ద్వారం. ద్వారానికి అటూఇటూ రాతి కుక్కలు, సింహాలనీ అనొచ్చు. ఒకటి నోరు తెరిచి ఉంది, ఇంకోటి మూసుకుని ఉంది.

"ఒగటి ప్రతిపక్షం, ఒగటి అధికార పార్టీ," అన్నాడు మావాడు.

"యాది ఏది?"

"అరిసేది ప్రతిపక్షం గదా మామా. తినేటోడు యాడన్నా నోరు తెరుస్తాడా?"

నోరు మూసుకున్నదాన్ని ముందు గీశాను. ఎందుకో ఆ రోజు ఆలోచించలేదు.

తొట్టిలో నీళ్లతో చేతులు కడుక్కున్నాం. మంటపం ముందు లావుపాటి ఎండుగడ్డి తాడు వేలాడుతోంది, దానికి మెలికలుగా మడిచిన తెల్ల కాగితాలు. ఆమె వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్లీ వంగింది. మావాడు కళ్లు పెద్దవి చేశాడు.

"ఏంది మామా, దేవున్ని హోటల్లో సర్వర్ని పిలిచినట్టు పిలుస్తాండారు?"

"కొట్రా నువ్వు గూడా."

కొట్టాడు. లోపలికి తొంగి చూశాడు. "ఇంతకీ దేవుడు యాడ ఉండాడు? బొమ్మ ల్యా, పటం ల్యా."

ఆమెను అడిగాను. మంటపం వెనక లోపలి గది చూపించింది. చిన్న మెట్ల వరస, దాని పైన మూసిన రెండు తలుపులు. దేవుడు వాటి వెనకున్నాడట. ఎవరికీ చూపించరట. లోపల ఏముందో తనకు తెలియదంది, వాళ్లమ్మకూ తెలియదంది, ఆ తెలియకపోవడంలో వింతేమీ లేనట్టే చెప్పింది.

నా చేతిలో కెమెరా ఉంది. ఇప్పుడు నా సొంత లెన్సు, స్టూడియోది కంటే పొడుగు. మంటపం స్తంభానికి ఒక బోర్డు, దాని మీద కెమెరా బొమ్మ, బొమ్మ మీద ఎర్ర గీత. దానికి జపాను భాష రానక్కర్లేదు. అప్పటిదాకా మెట్లు ఊడుస్తున్న గుడి పెద్దాయన బకెట్టు పట్టుకుని వెనక్కి పోయాడు. ఆ రోజు ఏదో శుభ్రం చేసే పని ఉన్నట్టుంది, మూసినట్టు కనిపించిన లోపలి తలుపుల్లో ఒకటి వేలంత సందు తెరుచుకుని ఉంది. ఆ సందులోంచి ఏదో మెరిసింది.

"ఎవురూ ల్యారు," అన్నాడు మావాడు నా చెవి దగ్గర. "తియ్యి మామా. ఊర్లో చూపిద్దాం."

వాడికేం తెలుసు? ఆ మాట అదివరకు ఒక ట్రాలీ అంచు మీద విన్నానని వాడికి తెలియదు. నా వేలు అప్పటికే మీట మీద ఉంది. అలవాటు పడిన వేలు, మాట వినదు. కెమెరాకు మూత పెట్టి సంచిలో వేశాను. మావాడు అయ్యో అన్నాడు.

పుస్తకం తీసి గీయడం మొదలుపెట్టాను. తాడు, మెట్లు, తలుపులు. తలుపులు పూర్తిగా మూసి ఉన్నట్టే గీశాను. పెద్దాయన వచ్చి నా వెనక నిలబడి చూశాడు. తల ఊపాడు. నచ్చిందనుకుంటాను. ఆమె ద్వారా ఆయన్ను ఒకటి అడిగాను: ఎవరైనా దొంగతనంగా లోపలిది ఫోటో తీస్తే దేవుడికి కోపం వస్తుందా?

ఆయన ముందు కాస్త ఆలోచించాడు, తర్వాత చీపురు మీద ఆనుకుని నవ్వుతూ ఏదో అన్నాడు. ఆమె కూడా నవ్వేసి ఇంగ్లీషులో చెప్పింది: "దేవుడికేమవుతుంది? నా పని పోతుంది."

మావాడు పడీపడీ నవ్వాడు. నాకు పెన్సిలు ఆగింది. ఇన్నేళ్లు నేను దేవుడికి అపరాధం చేశానేమో అని దొంగచాటుగా మొక్కులు మొక్కుకుంటూ వచ్చాను. దేవుణ్ణి ఏదోవిధంగా సముదాయించుకోవచ్చు. పని పోయినవాడు పులివెందులలో ఉన్నాడు.

దిగేటప్పుడు నా మొహం చూసి ఆమె ఏమైందని అడిగింది. నేను చెప్పేలోపే మావాడు అందుకున్నాడు, వాడికొచ్చిన ఇంగ్లీషులో: మా ఊళ్లో ఇట్లాంటి దేవుణ్ణే ఈయన ఫోటో తీశాడు, గూండాలు కత్తి పెట్టి తీయించారు, నోరు మూయించారు అని. కత్తి ఎంత పొడుగో చేతులతో చూపించాడు కూడా. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఎంత భయపడి ఉంటారో" అంది.

"నో నైఫ్," అన్నాను.

ఇద్దరూ ఆగారు. "నో నైఫ్. నోబడీ. ఓన్లీ మీ," అన్నాను. అంతకంటే ఇంగ్లీషు అప్పుడు నోటికి రాలేదు. చాపాడు ఎక్కడుందో కూడా తెలియని ఒక అమ్మాయికి, జపానులో ఒక కొండ మెట్ల మీద, నేను మొదటిసారి నిజం చెప్పాను. మావాడు టోపీ ఇంకా కిందికి లాక్కుని, మిగతా మెట్లన్నీ నాకంటే ముందు దిగిపోయాడు.

తిరిగి వచ్చాక వాడే నన్ను ఆపాలని చూశాడు. "ఎందుకు మామా? జనానికి నీ మీద జాలి ఉండాది. దాన్ని ఎందుకు పోగొట్టుకుంటావు?"

"ఆ జాలి నాది కాదురా. వేరేవాళ్లది నేను తింటాండా."

పులివెందులలో ఇల్లు వెతుక్కుంటూ పోయాను. పూజారి ముసలివాడయ్యాడు, వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. కూతురు నన్ను చూడగానే గుర్తుపట్టింది. కూర్చోమనలేదు. నేను నిలబడే చెప్పాను. ఎవరూ బెదిరించలేదని, ఆ రోజు ఎందుకు నోరు మూసుకున్నానో అదీ చెప్పాను.

పూజారి కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని నన్ను తేరిపార చూశాడు. తర్వాత అడిగాడు. "ఆ మొదటి బొమ్మ ఏమాయప్పా? మూసిన పెట్టెది. అది బాగుండె."

"దాంతో బ్రష్షు తుడిచి పారేస్తి మామా."

ఆయన నవ్వాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. ఆ నవ్వు కంటే ఒక చెంపదెబ్బ తేలికగా ఉండేది.

కూతురు నవ్వలేదు. "మా నాయనకు వచ్చి చెప్తాండావా? మా నాయనకు తెలీదా తాను తీయమన్లేదని? తెల్సినోనికి చెప్పి బరువు దించుకుని పోదామని వచ్చినావా? తెలీనోళ్లు ఊళ్లో ఉండారు. పో, ఆడ చెప్పు."

"చెప్తా," అన్నాను.

"ఎవురి ముందర?"

"అందరి ముందర. దేవరలో."

"చూస్తాం," అని లోపలికి పోయింది. ఆ పూట నాకు సంగటి పెట్టలేదు. పెట్టకపోవడమే న్యాయం.

మళ్లీ దేవర వచ్చింది. నేను కెమెరా తీసుకుపోలేదు. కులపెద్దను ముందే కలిసి, పెట్టె వంకకు పోకముందు రెండు మాటలు చెప్పుకుంటానని అడిగాను. పాత కులపెద్ద పోయాడు, ఆయన కొడుకు ఒప్పుకున్నాడు. పులివెందుల నుంచి తండ్రిని ఆటోలో తీసుకొచ్చింది కూతురు. ఆయన జనం చివర, అందరి వెనక కూర్చున్నాడు. ముందుకు రమ్మంటే రాలేదు.

లీడరు ఎప్పుడో పోయాడు. బామ్మర్ది ఉన్నాడు, మోకాళ్ల నొప్పులతో కర్ర పట్టుకుని. నేనేం చెప్పబోతున్నానో ఎవరు చేరవేశారో, మైకు దగ్గరికి పోతుంటే నా చెయ్యి పట్టుకున్నాడు. అదే నవ్వు మొహం.

"ఇప్పుడెందుకప్పా అయ్యన్నీ. ఆ పార్టీలే ల్యావు ఇప్పుడు. ఆ దినాలట్లాంటివి."

"దినాలు ఏం చేసినాయి మామా? దినాలకు చేతులుండాయా? తియ్యమన్నది నువ్వు, తీసింది నేను."

"నన్ను గూడా కలుపుతావా అయితే?"

"నీ మాట నువ్వు చెప్పుకో. నాది నేను చెప్పుకుంటా."

చెయ్యి విడిపించుకున్నాను. ముందువరసలో కొందరు పడుచువాళ్లు గొణిగారు, పండగ పూట ఈ గొడవేందని. ఒకడు మైకు వైరు పీకుతానన్నాడు. పీకు, అరిచి చెప్తాను అన్నాను. పీకలేదు. జనం మీదుగా చివరి వరసలో తలపాగా ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మనిషినే చూస్తూ మాట్లాడాను.

"ఈ ఊళ్లో దేవర పెట్టెను తెరిసినప్పుడు ఫోటో తీసింది నేను. పూజారి తియ్యమన్లేదు. తియ్యొద్దని నా చేత చెయ్యేయించుకున్యాడు, నేను మాటిచ్చి తప్పినా. పంచాయతీలో మీ పెద్దలు అడిగితే చెప్పలేదు. నా మీద ఎవురూ కత్తి పెట్టలేదు, ఎవురూ బెదిరించలేదు. ఫోటో బాగుందని అన్యారు, ఆ మాటకు ఆశపడి నోరు మూసుకుంటి. ఆయన మీ దేవున్ని ఎవురికీ అమ్మలేదు. ఆయన కన్ను తప్ప ఇంకో కన్ను పడనీకుండా కాపాడినాడు, పడిన ఆ దొంగ కన్ను నాది. మామా, నీ ఇంటికి ఉన్న పేరు తీసేసింది నేను. తప్పు నాది. ఆ రోజు చెప్పాల్సింది ఈ రోజు చెప్తాండా. నన్ను మన్నించు మామా."